నా చేతికున్న పిట్ట గుండె

12, శుక్రవారం

కాబట్టి తప్పేమీ లేదు. నానమ్మ దుప్పటి కోసం గదిలోకి వచ్చిందని నిన్న ఇక్కడే ఆపేశాను. మళ్లీ రాస్తున్నా. తప్పేమీ లేదు. పిట్ట అడిగింది, నేను సరే అన్నాను. ఫ్రెండ్ వాచీ పెట్టుకోవడం కూడా నేరమేనా?

నాది ఎడమ చేతికి. దానిది కుడి చేతికి, మోచేతికి కాస్త కింద, పొడుగు చేతుల చొక్కా లోపల. ఇద్దరి పరుగూ టీమ్ గ్రూప్‌లో పడుతుంది, మా పరుగుల కోచ్ విజిల్ సార్ చూసుకుంటాడు. అక్కడి వరకూ గొడవేం లేదు. కానీ పిట్ట వాచీలో గుండె కూడా ఉంది. ఆ వాచీకి సొంత సిమ్ ఉంది, గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో ఎప్పటికప్పుడు వాళ్లమ్మ ఫోన్‌కి పంపించేస్తుంది.

ఆంటీ బస్సెక్కే ముందు ఏమంది? నేను పక్కనే ఉన్నా కదా, బ్యాగు కూడా నేనే పట్టుకున్నా. "జ్వరం తగ్గి ఇంకా నెల కాలేదు, నిన్ను వదిలి వెళ్లడం నాకే ఇష్టం లేదు. డాక్టర్ మెల్లగా పరిగెత్తొచ్చన్నాడు కాబట్టి ఊరుకుంటున్నా. అక్కడ పేషెంట్ పక్కన కూర్చున్నా నా కళ్లు ఈ ఫోన్ మీదే ఉంటాయి. నీ గుండె ఈ గీత దాటిందో, డ్యూటీ వదిలేసి వచ్చేస్తా. ఆ తర్వాత రిలే లేదు, గిలే లేదు."

ఆవిడ నర్సు, వేరే ఊళ్లో ఒక పెద్దావిడని చూసుకునే డ్యూటీకి వెళ్లింది. ఊరికే అనే మనిషి కాదు.

మొన్న వాళ్ల మెట్ల మీద కూర్చుని పిట్ట నాకు వాచీ చూపించింది. రెండో అంతస్తు వరకూ ఎక్కామంతే. అంకెలు ఎర్రగా వెలుగుతున్నాయి.

"దీనికి బుద్ధి లేదే," అంది.

"వాచీకా?"

"మరి ఎవరికి, నా గుండెకా?"

ఇద్దరం నవ్వాం. నేను ముందు ఆపేశాను. అది నవ్వు ఆపాక కూడా చాలాసేపు ఊపిరి తీసుకుంటూనే ఉంది. అమ్మకి ఏం చెప్పావే అంటే, మెట్లు పరిగెత్తి ఎక్కానని చెప్పిందట. ఒక్కసారికి నమ్మింది. రెండోసారి నమ్మదు. అందుకే వాచీ విప్పి నా చేతికి కట్టింది. నాలుగు రోజులు రెస్ట్ తీసుకుంటే తగ్గిపోతుంది, అప్పటిదాకా నువ్వు పెట్టుకో అంది. లొకేషన్ ఆపేసింది, బ్యాటరీ తినేస్తోందని ఆంటీతో చెప్పింది. అన్నీ ఆలోచించుకునే వచ్చింది.

స్కూల్ తెరిచిన రోజే సెలెక్షన్. పిట్ట లేకపోతే రిలే లేదు. రిలే లేకపోతే నేనూ లేను. అది వేరే సంగతి.

13, శనివారం

పొద్దున్నే విజిల్ సార్ మెసేజ్: "సెలవులు స్కూలుకి. కాళ్లకి కాదు." కింద ఎద్దుల జత బొమ్మ.

జోడీలు పెట్టింది ఆయనే. సెలవుల్లో ఎవరికి వాళ్లని వదిలేస్తే సోఫాలకి అతుక్కుపోతారని, ఇద్దరిద్దరినీ ఒక కాడికి కట్టాడు. ఒక ఎద్దు కూలబడితే రెండోది కూడా ఇంటికే అన్నాడు. పిట్టకి జోడీగా నన్ను వేసినప్పుడు అందరూ నవ్వారు. అది టీమ్‌లో అందరికంటే ముందుంటుంది. నేను ఐదోదాన్ని. నలుగురు పరిగెత్తే రిలేకి ఐదో అమ్మాయి. నా పేరు ఆయనకి గుర్తుండదు, "ఏయ్ ఎక్స్‌ట్రా" అంటాడు.

గ్రూప్‌లో మిగతావాళ్లు ఏడుస్తున్నారు. ఒకరికి చుట్టాలొచ్చారు, ఒకరికి మంచం వదలబుద్ధి కావట్లేదు, ఒకరు మూడు రోజులుగా సినిమాలే. సెలవుల్లో మోటివేషన్ ఎలా వస్తుందే అని అడుగుతున్నారు.

నాకు వస్తోంది. నవ్వొస్తోంది రాస్తుంటే. ఎప్పుడూ లేనిది నేను అలారం కంటే ముందు లేస్తున్నా. కుడి చేతికి ఆ వాచీ బిగుసుకుని ఉంటే బద్ధకం దగ్గరికి రాదు. నేను కూర్చుంటే ఇంకొకళ్లు కూడా కూర్చున్నట్టు కదా.

14, ఆదివారం

ఆంటీ వాయిస్ మెసేజ్ పంపింది. పిట్టకి కాదు, నాకు.

"నువ్వు పక్కనుండి పరిగెత్తిస్తున్నావు కదమ్మా, నీ రుణం ఉంచుకోను. దాని గుండె ఇప్పుడు గుర్రంలా ఉంది. ఇక్కడి డాక్టరుగారికి కూడా చూపించా, భేషుగ్గా ఉందన్నారు. నాకు ఇన్నాళ్లకి కాస్త నిద్ర పట్టింది."

మళ్లీ మళ్లీ విన్నా. నా గుండె బాగుందని ఇంతవరకూ ఎవరూ అనలేదు.

తర్వాత తుడిచేశాను ఆ మెసేజ్‌ని. ఎందుకో తెలీదు.

15, సోమవారం

పిట్ట ఇంటికెళ్లా. వాళ్ల తాతయ్య ఎప్పట్లాగే టీవీ ముందు. ఆ సౌండ్ లిఫ్ట్‌లోకే వినిపిస్తుంది. ఆయన చెవిలో మెషీన్ పెట్టుకోడు, గోల ఎక్కువైపోతుందంటాడు.

"పరుగు ఎలా ఉందమ్మా?"

"బాగుంది తాతయ్యా."

"ఆఁ?"

"బాగుందీ!"

పిట్ట మంచం మీద గోడకి ఆనుకుని ఉంది. వెనక తలగడలు మేడ కట్టింది. ఇంట్లో ఉన్న తలగడలన్నీ అక్కడే.

"పడుకుంటే నీళ్లలో మునిగినట్టుంటోందే. అందుకే కూర్చునే నిద్రపోతున్నా. గుర్రాలు నిలబడి నిద్రపోవూ? మా అమ్మ ఫోన్ చేసి గుర్రం అంది నన్ను."

నన్ను అంది, అనబోయాను. అనలేదు.

సాక్సు తీసింది. చీలమండ చుట్టూ దాని గుర్తు లోతుగా దిగిపోయింది, పిండిలో వేలు పెట్టి తీస్తే పడినట్టు. వేలితో నొక్కి చూపించింది. గుంట పడి అలాగే ఉండిపోయింది. "భలే ఉంది కదా," అంది. మేమిద్దరం వంతులేసుకుని నొక్కాం. నవ్వుతుంటే దానికి దగ్గు వచ్చింది, వచ్చింది ఒక పట్టాన ఆగలేదు.

"డాక్టర్ దగ్గరికి వెళ్దామే."

"వెళ్తే ముందు ఎవరికి ఫోన్ చేస్తారు? మా అమ్మకి. అంతే సంగతులు. సెలెక్షన్ అయిపోనీ, నేనే వెళ్తా."

రెస్ట్ తీసుకుంటోంది. రెస్ట్ తీసుకుంటే తగ్గుతుంది. నెట్‌లో వెతకలేదు. తలనొప్పి అని కొట్టినా అది చావు వరకూ తీసుకెళ్తుంది.

16, మంగళవారం

రేపు ఆంటీకి చెప్తాను.

17, బుధవారం

చెప్పలేదు. ఇవాళ చెప్పే పరిస్థితి లేకపోయింది.

పొద్దున పిట్ట ఫోన్. గొంతు చిన్నగా ఉంది కానీ కోపం మాత్రం తగ్గలేదు. "రాత్రంతా ఏం చేస్తున్నావే నువ్వు? మా అమ్మ పొద్దున్నే ఫోన్ చేసి చంపేసింది. పడుకునే టైమ్‌లో గుండె అంత వేగంగా ఎందుకు కొట్టుకుంది, ఒంట్లో బాలేదా, నిజం చెప్పు అని. పీడకల అని చెప్పా."

"నేనేం చెయ్యలేదు. పడుకునే ఉన్నా."

"మరి?"

ఏం చెప్పను? దాని చీలమండ మీద గుంట కళ్లముందు కదులుతోందని చెప్పనా?

"భయమేసింది," అన్నా.

దాని ఊపిరి వినిపిస్తోంది, ఎవరో చిన్న చీపురుతో నేల ఊడుస్తున్నట్టు.

"నీ భయం మా అమ్మకి కనిపిస్తోందే," అంది. "భయపడటం మానెయ్."

18, గురువారం

మానేస్తున్నా.

కళ్లు మూసుకుని మెల్లగా ఊపిరి పీల్చి, మెల్లగా వదలాలి. విజిల్ సార్ పోటీకి ముందు మాతో చేయిస్తాడే, అదే. పనిచేస్తుంది. పిట్ట మొహం గుర్తు రానంత వరకూ పనిచేస్తుంది.

ఇంట్లో కూడా అందరి కళ్లూ నా మీదే. ఫ్యాన్ కింద కూడా చెమటలు కారుతుంటే నేను పొడుగు చేతుల చొక్కా. నానమ్మ ఊరుకుంటుందా?

"ఈ ఉక్కలో ఆ చేతులేంటే? పైకి మడుచుకో."

"నల్లబడతాను నానమ్మా, ఎండలో పరిగెత్తుతున్నా కదా."

"ఇంట్లో ఎండెక్కడిది? ఏ కుర్రాడి పేరైనా పొడిపించుకున్నావా చేతి మీద?"

"అబ్బా, లేదు!"

"అయితే చూపించు మరి. పేరు చిన్నదైతే క్షమిస్తాలే. పెద్ద పేరైతే మీ నాన్నకి చెప్తా."

అమ్మ పడీపడీ నవ్వింది. అమ్మ కళ్లద్దాల షాపులో అద్దాలు కోస్తుంది, వెంట్రుకంత తేడా ఉన్నా పట్టేస్తుంది. నవ్వడం ఆపి నా వైపు చూసింది. "కళ్ల కింద ఆ నలుపేంటి? సెలవుల్లో పిల్లలు పెరుగుతారు, నువ్వు తరుగుతున్నావు. ఆ పరుగు ఒక రోజు మానేస్తే ఆకాశం విరిగిపడదు."

"మానేస్తే ఫిట్‌నెస్ పోతుందమ్మా. ఒకసారి పోతే మళ్లీ రావడానికి చాలా టైమ్ పడుతుంది."

ఎంత బాగా చెప్పానో. నాన్న అన్నం తింటూ మెచ్చుకోలుగా తలూపాడు. ఆయన లిఫ్ట్ మెకానిక్, వాడకుండా వదిలేస్తే ఏ మెషీనైనా పట్టేస్తుందనే మనిషి. "దాన్ని వదిలెయ్. ఇన్నాళ్లకి ఒక పని పట్టుదలగా చేస్తోంది," అన్నాడు.

తేలు కుట్టిన దొంగలా కూర్చుని ప్లేట్ ఖాళీ చేశా.

19, శుక్రవారం

పార్కులో విజిల్ సార్.

ఆయన ఇల్లు ఆ వైపేనని నాకు తెలీదు. చెట్టు కింద బెంచీ మీద ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి చెయ్యి ఎత్తాడు. ఆగాను.

"ఏయ్ ఎక్స్‌ట్రా. నీ జోడీ ఏది?"

"ముందు వెళ్లిపోయింది సార్."

"ముందా?" ఫోన్ చూశాడు. తలెత్తి పార్కంతా చూశాడు, మళ్లీ ఫోన్ చూశాడు. "వారం రోజులుగా చూస్తున్నా. మీరిద్దరూ ఒక్క అడుగు తేడా రాకుండా పరిగెత్తుతున్నారు. ఒకేసారి మొదలు, ఒకేసారి ఆపడం. కవలలు కూడా అలా పరిగెత్తరు."

కుడి చెయ్యి వెనక్కి పెట్టుకున్నా. అలా పెట్టుకోకుండా ఉండాల్సింది.

ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. నవ్వాడు. "నేను రైతుని అనుకో. పొలం దున్నారా లేదా, అంతే చూస్తా. ఎద్దుల్ని వేరే ప్రశ్నలు అడగను." లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "సెలెక్షన్ రోజు మాత్రం ట్రాక్ మీద కాళ్లు కనిపించాలి. వాచీలు కాదు."

"పిట్ట వస్తుంది సార్."

"వస్తే మంచిదే. రాకపోతే..." నా కాళ్ల వైపు చూశాడు, ఎద్దుని కొనే ముందు చూసినట్టు. "నువ్వు ఈ సెలవుల్లో చాలా మెరుగయ్యావు. రిలేలో దాని చివరి పరుగు ఎవరికి ఇవ్వాలో నాకు ఇబ్బందేం లేదు."

అంటే ఆయనకి తెలుసు. తెలిసీ అడగట్లేదు.

ఆ మాట విన్నాక మిగిలిన రౌండ్లు ఎంత వేగంగా పరిగెత్తానో రాయను.

ఇందులో నాకేం లాభం లేదు. నేను పిట్ట కోసమే చేస్తున్నా. పిట్ట అడిగింది కాబట్టి చేస్తున్నా.

20, శనివారం

పిట్టకి తగ్గుతోంది. మెసేజ్‌లో నవ్వే బొమ్మ పెట్టింది. మాటలేమీ లేవు, బొమ్మ ఒక్కటే. తగ్గకపోతే బొమ్మ పెట్టదు కదా.

21, ఆదివారం

తగ్గలేదు.

మంచం మీద లేదు. కిటికీ దగ్గర కుర్చీలో ముందుకి వంగి, మోచేతులు మోకాళ్ల మీద ఆనించుకుని కూర్చుంది. పరుగు అయిపోయాక మేమంతా అలా వంగుతాం. కానీ అది అసలు కుర్చీలోంచి లేవనే లేదు. పెదాల రంగు నాకు నచ్చలేదు. ఇంకు పెన్ను నోట్లో పెట్టుకున్నట్టుంది.

"ఆంటీకి ఫోన్ చేస్తున్నా," అన్నా. ఫోన్ తీశాను కూడా.

"చెయ్యి." ఒక మాట, ఒక ఊపిరి. "చేసి... వాచీ ఎవరి చేతికుందో... అది కూడా చెప్పు."

"చెప్తా."

"ఎందుకు పెట్టుకున్నావని... అడుగుతుంది. ఏం చెప్తావ్?"

"నువ్వు అడిగావని చెప్తా."

"నేను నాలుగు రోజులు అన్నా. ఇచ్చెయ్యమని... నేను మళ్లీ అడిగానా? తీసుకో అని... నువ్వన్నావా?" నవ్వబోయింది. "విజిల్ నిన్ను... బాగా మెచ్చుకుంటున్నాడంట కదా. గ్రూప్‌లో చూశాలే. నా ప్లేస్‌లో... బాగుంటావే నువ్వు."

నాకు ఒళ్లు మండిపోయింది. రాయాలంటే సిగ్గుగా ఉంది, దాని పెదాలు నీలంగా ఉన్నాయి, నేను దానితో పోట్లాడాను. నీ కోసం ఉడికిపోతూ తిరుగుతుంటే నన్ను దొంగని చేస్తావా అన్నా. నీ గుండె నువ్వే మోసుకో అని వాచీ విప్పబోయా.

పిట్ట నా మణికట్టు పట్టుకుంది. దాని వేళ్లు ఐసు గడ్డల్లా ఉన్నాయి.

"వద్దే. ఇప్పుడు తీస్తే... మా అమ్మ చూస్తుంది. ప్లీజ్. ఇంకొక్క వారం. ఒట్టు వెయ్యి."

వేశాను. దాని నెత్తి మీద చెయ్యి పెట్టి వేశాను.

బయటికొస్తుంటే తాతయ్య: "మనవరాలు బయటికే రావట్లేదు, అలసిపోయిందా?"

"అవును తాతయ్యా, ప్రాక్టీసు ఎక్కువైంది."

"ఆఁ?"

రెండోసారి చెప్పలేకపోయాను. తలూపి వచ్చేశాను.

లిఫ్ట్ అద్దంలో నా మొహం చూసుకున్నా. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. ఎంత ఆరోగ్యంగా ఉన్నానో.

22, సోమవారం

పొద్దున: పిట్టకి మెసేజ్ పెట్టా, చూడలేదు. పరిగెత్తి వచ్చా. ఇద్దరి పరుగూ గ్రూప్‌లో పడింది. విజిల్ సార్ బొటనవేలు పైకెత్తాడు.

మధ్యాహ్నం: ఇంకా చూడలేదు. నిద్రపోతోందేమో. సాయంత్రం ఆంటీకి చెప్పేస్తాను. ఒట్టు ఏమవుతుంది, ఒట్టుకేం కాళ్లున్నాయా?

సాయంత్రం: ఆంటీయే ఫోన్ చేసింది. "పిట్ట ఎత్తట్లేదమ్మా. నిద్రపోతున్నట్టుందిలే, గుండె నెమ్మదిగా ఉంది, హాయిగా పడుకుంది పిచ్చిది. లేపకు." ఆ టైమ్‌లో నేను మంచం మీద పడుకుని ఊపిరి లెక్కపెట్టుకుంటున్నా, భయపడకుండా ఉండటం ప్రాక్టీసు చేస్తూ. చాలా బాగా వచ్చేసింది నాకు.

చెప్పబోయాను. "ఆంటీ" అన్నాను. "చెప్పమ్మా" అంది. "మీరు భోంచేశారా" అన్నాను.

23, మంగళవారం

పిట్టని హాస్పిటల్‌కి తీసుకెళ్లారు.

వరసగా రాస్తాను.

పొద్దున బాత్‌రూమ్ గుమ్మంలో పడిపోయిందట. తాతయ్యకి చప్పుడు వినపడలేదు. టీ పెట్టడానికి లేచి, నడుస్తూ నడుస్తూ కాలికి తగిలాక చూశాడట. ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలీక, గోడ మీద అంటించి ఉన్న లిఫ్ట్ మెకానిక్ నంబరుకి చేశాడు. మా నాన్నకి. నాన్న ఆ వీధిలోనే పనిలో ఉన్నాడు. చేతుల మీద ఎత్తుకుని కిందకి దించింది నాన్నే, అంబులెన్స్‌లో కూర్చుంది నాన్నే.

అమ్మకి ఫోన్ చేసి ఏమన్నాడో విన్నా. "పిల్ల బరువే లేదు. కాళ్లు మాత్రం ఉబ్బిపోయి ఉన్నాయి." తర్వాత, "పిలిస్తే పలకట్లేదు."

ఊపిరి కోసం ట్యూబు పెట్టారు. ఐసీయూ. లోపలికి ఎవర్నీ రానివ్వట్లేదు.

ఆంటీ బస్సులో ఉంది. పెద్దావిణ్ణి ఎవరికో అప్పజెప్పి దొరికిన బస్సెక్కేసింది, ఇక్కడికి వచ్చేసరికి రాత్రవుతుంది. అమ్మకి పదేపదే ఫోన్ చేస్తోంది. అమ్మ స్పీకర్ పెట్టి వంటింట్లో అటూ ఇటూ తిరుగుతోంది, ఆ మాటలన్నీ నా గదిలోకి వినిపిస్తున్నాయి.

"కొట్టుకుంటోంది వదినా. నేను చూస్తూనే ఉన్నా. వేగంగా ఉంది, కానీ కొట్టుకుంటోంది. వాళ్లు ఫోన్లో ఏవేవో చెప్తున్నారు, నాకేం అర్థం కావట్లేదు, ఇంత సర్వీసు చేసినదాన్ని నాకే తలకెక్కట్లేదు. దీన్నొక్కదాన్నే చూస్తూ కూర్చున్నా. ఇది కొట్టుకుంటున్నంత సేపూ నా బిడ్డ ఉన్నట్టే కదా?"

"ఉన్నట్టేనమ్మా, ఉన్నట్టే," అంది అమ్మ.

అది నాది.

ఎవరూ చూడలేదా పిట్ట చేతికి వాచీ లేదని? ఎవరు చూస్తారు ఆ హడావుడిలో. నాన్నకి అసలు వాచీ సంగతే తెలీదు. ఆంటీ బస్సు కిటికీ పక్కన కూర్చుని నా గుండెని చూసుకుంటూ వస్తోంది. నేను నీళ్లు తాగడానికి లేచినా ఆవిడకి తెలుస్తుంది. ఇప్పుడు ఈ మాట రాస్తుంటే కూడా తెలుస్తోంది.

ఇంకోటి. అసలు రాయాల్సింది ఇదే, చుట్టూ తిరుగుతున్నా.

డాక్టర్లు ఆంటీని ఎప్పట్నుంచి ఇలా ఉందని అడిగారట. ఆంటీ తన ఫోన్‌లో ఉన్నదంతా వాళ్లకి పంపింది, సెలవులు మొదలైన దగ్గర్నుంచి నిన్న రాత్రి వరకూ. అది చూసి, నిన్నటి వరకూ గుండె ఇంత బాగా పనిచేస్తే రాత్రికి రాత్రి ఇలా అవదు, ఏదో మింగి ఉంటుంది అంటున్నారట. నాన్న ఫోన్ చేసి చెప్పాడు. "విషం కోసం వెతుకుతున్నారు. బాత్‌రూమ్‌లో ఏం సీసాలున్నాయో చూసి చెప్పమని ఆ ముసలాయన్ని అడుగుతున్నారు. ఆయనకి వినపడక ఏడుస్తున్నాడు."

వాళ్లు తప్పు చోట వెతుకుతున్నారు. నేను పంపించిన చోట వెతుకుతున్నారు.

పడుకుంటే మునిగినట్టుండటం, తలగడలు, కాలి మీద గుంట, దగ్గు, మెట్లెక్కితే ఎర్రబడిన అంకెలు. ఇదంతా తెలిసిన వాళ్లు ఇద్దరే. ఒకరి నోట్లో ట్యూబు ఉంది.

లేచి వంటింట్లోకి వెళ్లి ఒక్క మాట చెప్పాలి. అమ్మా, ఆంటీ చూస్తున్నది పిట్ట గుండె కాదు. ఇంతే. పొద్దున్నుంచి దీన్నే నోట్లో తిప్పుకుంటున్నా. ఇంగ్లీష్‌లో కూడా అనుకుని చూశా, అక్కడ ఇంకా ఘోరంగా ఉంది.

చెప్పగానే ఏమవుతుంది? ముందు డాక్టర్లకి తెలుస్తుంది. అది మంచిదే. తర్వాత ఆంటీకి తెలుస్తుంది, బస్సులో, పక్కన ఎవరూ లేకుండా, ఆ ఫోన్‌లో ఉన్నది తన బిడ్డ కాదని. అప్పుడు ఆవిడ దేన్ని చూసుకుంటూ రావాలి?

వాచీ తీసేస్తే చెప్పక్కర్లేదనిపించింది ఒక్క నిమిషం. తీసి సొరుగులో పడేస్తే సరి. బకిల్ మీద చెయ్యి కూడా వేశాను. తీస్తే అక్కడ గీత ఆగిపోతుంది. ఆగిపోతే ఆవిడ ఏమనుకుంటుంది? బస్సులోంచి దూకేస్తుంది.

తియ్యలేను. ఉంచుకోలేను. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినంత కాలం బాగానే ఉంది.

విజిల్ సార్ మెసేజ్ ఇప్పుడే వచ్చింది. ఆయనకి కూడా తెలిసినట్టుంది. గ్రూప్‌లో: "పిట్ట త్వరగా కోలుకోవాలి." నాకు విడిగా: "రేపట్నుంచి నీ ప్రాక్టీసు నేనే చూస్తా. పొద్దున్నే పార్కుకి వచ్చెయ్." ఎక్స్‌ట్రా అని లేదు. నా అసలు పేరు రాశాడు. ఆయనకి నా పేరు తెలుసన్నమాట.

చదవగానే ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, నాకు ఎలా అనిపించిందో...

అందుకే ఇంక ఆగకూడదు. ఈ కాగితం అయిపోగానే లేస్తా. కాదు, అయిపోకముందే. ముందు చెప్పాలి, తర్వాతే వాచీ తియ్యాలి. ఆంటీ లైన్లో ఉండగా చెప్పాలి, అమ్మ పక్కన ఉండగా చెప్పాలి. ఏడవకుండా చెప్పాలి, లేకపోతే సగం అర్థం కాదు. జ్వరం నుంచి మొదలుపెట్టి, మెట్ల దగ్గర్నుంచి, ఒక్కటి కూడా దాచకుండా

తలుపు కొడుతున్నారు.

ఎంత గట్టిగా కొట్టారంటే గుండె గొంతులోకి వచ్చేసింది.

అమ్మ. "ఒసేయ్, తలుపు తియ్యవే! ఆంటీ ఫోన్లో ఉంది. పిట్ట గుండె ఉన్నట్టుండి పరిగెత్తుతోందంట, ఏదో అయిపోతోందని ఏడుస్తోంది, మీ నాన్నేమో ఎత్తట్లేదు. నువ్వైనా మాట్లాడు, నాకు కాళ్లూ చేతులూ ఆడట్లేదు..."

కాగితాలు పరుపు కిందకి. వాచీ చేతికే ఉంది.

వస్తున్నా అమ్మా. ఫోన్ పెట్టెయ్యొద్దని చెప్పు.